ఎబినేజరు చెప్పని పాస్‌వర్డ్

రాజోలు బస్టాండులో ఎవరినైనా ఆపి, ఈ చుట్టుపక్కల 'కాదు' అనడం బొత్తిగా చేతకాని మనిషి ఎవరని అడగండి. ఆలోచించకుండా ఎబినేజరు కంప్యూటర్ షాపు వైపు చెయ్యి చూపిస్తారు. చూపించి ఓ నవ్వు కూడా నవ్వుతారు. ఆ నవ్వులో వెటకారం ఉండదు. అలా నవ్వే ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు అతని మంచితనాన్ని వాడుకున్నవాడే.

మా గోదారి వాళ్ళకి మర్యాద ఎక్కువని లోకమంతా అంటుంది. నిజమే. అడిగినదానికల్లా ముందు 'ఆయ్' అనేసి, తరవాత మెల్లిగా తప్పుకోవడం మాకు పుట్టుకతో వచ్చే విద్య. ఎబినేజరు ఖర్మ ఏమిటంటే, అతనికి అందులో మొదటి సగమే వచ్చింది. ఆయ్ అన్నాడంటే చేసి తీరాల్సిందే. వానలో ఎవరో అడిగారని గొడుగిచ్చేసి, తను తడుస్తూ ఇంటికొచ్చిన రోజులున్నాయి. ఒకసారి సెలూన్ కుర్చీలో కూర్చుంటే అక్కడివాడు పరధ్యానంగా, "మీసం తీసేద్దామంటారా అండీ?" అని అడిగాడట. ఆయ్ అన్నాడు మనవాడు. ఆ మీసం మళ్ళీ మొలిచేదాకా భార్య లిడియా అతనితో కలిసి బజారుకి రాలేదు.

లిడియా హైస్కూల్లో లెక్కల టీచరు. ఇద్దరికీ సరిపడా 'కాదు'లు ఆవిడే అంటుందని చర్చిలో ఆడవాళ్ళ మాట. కూరగాయల బండి దగ్గర మొదలుపెట్టి పాస్టరు గారి దాకా ఎవరికి చెప్పాల్సింది వాళ్ళకి మొహం మీదే చెప్పేస్తుంది. ఈ ఇద్దరికీ పెళ్ళెలా కుదిరిందని అడిగితే ఆవిడే నవ్వుతూ చెబుతుంది. "పెళ్ళిచూపుల్లో నేనే అడిగేను, చేసుకుంటారా అని. ఆయ్ అన్నారు."

ఇంటి ముందు గదిలో షాపు పెట్టకముందు ఎబినేజరు చాలా ఏళ్ళు మస్కట్‌లో ఉన్నాడు. తండ్రి చిన్నప్పుడే పోతే పెదనాన్న నతానియేలు చదివించి, తనే తంటాలుపడి వీసా తెప్పించి విమానం ఎక్కించాడు. అక్కడ ఒక కంపెనీ ఆఫీసులో ఎబినేజరు పనల్లా మీటింగుల కోసం స్లైడ్లు తయారుచెయ్యడం. పెద్ద తెర మీద రంగురంగుల చార్టులు పడితే బాసులు వాటి ముందు నిలబడి మాట్లాడేవారు. మీటింగుకి ముందు, "ఈ నెల కొంచెం పొడుగు చెయ్యవయ్యా" అంటే పొడుగు చేసేవాడు. "పోయిన నెల కొంచెం తగ్గించు" అంటే తగ్గించేవాడు. ఆ దేశంలో కూడా అందరికీ అతనంటే ఇష్టమే.

సరే, అసలు కథకి వద్దాం.

సముద్రం దగ్గరయ్యేకొద్దీ మా వైపు బోరునీళ్ళు ఉప్పగా మారతాయి. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, పాలు పోస్తే టీ విరిగిపోతుంది. కాకినాడ నుంచి ఒక ట్రస్టు వాళ్ళొచ్చి, ఈ ఏడాది ఇటువైపు ఆరు ఊళ్ళలో ఒక్కదానికి మంచినీళ్ళ ప్లాంటు కడతామన్నారు. ఏ ఊరి నీళ్ళు ఎక్కువ ఉప్పనైతే ఆ ఊరికి. ఆ పని చూసే శిరీష అనే అమ్మాయి ఎబినేజరు షాపుకొచ్చి నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరు చేతిలో పెట్టింది. ఆరు ఊళ్ళూ తిరిగి కొలవాలి, కొలిచిన అంకెలతో ఒక చార్టు చెయ్యాలి, ప్లాంటు ఏ ఊరికో తేల్చే మీటింగుకి ముందే దాన్ని ఆయా ఊళ్ళ పెద్దలకి చూపించాలి.

"చేస్తారా సార్?" అని అడిగింది.

ఏమన్నాడో నేను చెప్పక్కర్లేదు.

స్కూటరేసుకుని ఊళ్ళన్నీ తిరిగాడు. పెన్నులా ఉండే ఆ మీటరుని గ్లాసెడు నీళ్ళలో ముంచడం, అంకె చూడ్డం, అరచేతిలో రాసుకోవడం. మస్కట్ నుంచీ ఉన్న అలవాటది. ప్రతి ఊళ్ళోనూ టీ తాగమన్నారు. ప్రతి ఊళ్ళోనూ తాగాడు. విరిగిన టీ, ఉప్పు టీ, విరిగినట్టు కనపడకుండా అల్లం దట్టించిన టీ, అన్నీ మహాప్రసాదంలా తాగి, "చాలా బాగుందండి" అన్నాడు.

ఆఖరున మొగలిమూల. డ్రెయిను మీద చెక్క వంతెన దాటితే మొగలి పొదల మధ్య కాసిని ఇళ్ళు. రొయ్యల చెరువుల మీద కూలికెళ్ళే వాళ్ళు. అక్కడ బోరు ముందు గ్లాసు పట్టుకుని నిలబడిన పెద్దావిడ పైడమ్మ. మీటరు ముంచేసరికి మిగతా ఊళ్ళ అంకెలన్నిటినీ దాటిపోయి మూడువేల మీద ఆగింది. ఎబినేజరు రెండోసారి ముంచి చూశాడు. అదే అంకె. పైడమ్మ ఇచ్చిన టీ మాత్రం విరగలేదు, ఉప్పగానూ లేదు. ఇంకో గ్లాసు పొయ్యమంటారా బాబూ అంటే ఆయ్ అన్నాడు. ఈ నీళ్ళతో ఇంత మంచి టీ ఎలా కాసిందో అడగాలని మాత్రం తోచలేదు.

షాపుకొచ్చి, స్లైడు తెరిచి, అందులో చార్టు పెట్టాడు. స్లైడు వెనక ఒక చిన్న పట్టిక తెరుచుకుంటుంది. అందులో అంకె కొడితే ఇక్కడ కమ్మీ లేస్తుంది. కమ్మీలంటే స్కూలు పుస్తకాల్లో ఉండే నిలువు బద్దలే, లిడియా మాట అది. అరచెయ్యి చూసుకుంటూ అంకెలన్నీ నేరుగా ఆ పట్టికలోనే కొట్టేశాడు, వేరే ఎక్కడా దాచలేదు. తరవాత సబ్బుతో చెయ్యి కడుక్కున్నాడు. తెర మీద ఆరు కమ్మీలు లేచాయి, అన్నిటికంటే పొడుగ్గా మొగలిమూల. ఎవరూ మార్చకుండా ఫైలుకి పాస్‌వర్డ్ కూడా పెట్టాడు. చూడాలంటే ఎవరైనా చూడొచ్చు, మార్చాలంటే మాత్రం పాస్‌వర్డ్ కొట్టాలి. లిడియాని పిలిచి చూపించి, "ఇంక చీమ కూడా దూరదు" అన్నాడు.

ఆ ఫైలు పెన్‌డ్రైవు ఎక్కి, చేతులు మారుతూ ఊళ్ళమీదకి బయల్దేరింది.

ముందు మెరకపాలెం దొరబాబు దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"ఏవండోయ్ ఎబినేజరు గారూ, చార్టు బ్రహ్మాండంగా చేసేరండి. మా కోడలు లాప్‌టాప్‌లో చూపించింది. మా ఊరి దానికి ఆ రంగేం బాగోలేదు గానండి, కాస్త ఆకుపచ్చ వేద్దామంటే తాళం అడుగుతోందండి."

రంగే కదా. చెప్పకపోతే ఏం బాగుంటుంది? చెప్పేశాడు. మర్నాడు తూర్పులంక నుంచి రిటైరైన హెడ్‌మాస్టరు సూర్యప్రకాష్ ఫోన్. అక్షరాలు చిన్నవిగా ఉన్నాయట, పెద్దవాళ్ళకి కనపడవట. మాస్టారికి చెప్పకపోతే ఎలా? ఆయనకీ చెప్పాడు. తరవాత ఇంకో రెండు ఊళ్ళ వాళ్ళు. ఒకరు షాపుకి పనసకాయ మోసుకొచ్చి మరీ అడిగారు. ఆఖరున పెన్‌డ్రైవు బెతెస్దపేట చేరింది. అక్కడ సంఘపెద్ద స్వయానా పెదనాన్న నతానియేలు. ఆయన రంగులూ అక్షరాలూ అంటూ డొంకతిరుగుడేం పెట్టలేదు.

"ఒరేయ్ ఎబ్బీ, ఆ తాళం మాట చెప్పరా."

"ఆయ్ పెదనాన్నగారూ," అని చెప్పేశాడు.

మొగలిమూలకి పెన్‌డ్రైవు వెళ్ళలేదు. అక్కడ లాప్‌టాప్ ఎవరికుంది?

శనివారం సాయంత్రం పెన్‌డ్రైవు ఇల్లు చేరింది. సోమవారం మీటింగు. ఎబినేజరు ఫైలుని షాపు కంప్యూటర్‌లోకి ఎక్కించబోతే, ఈ పేరుతో ఇక్కడ ఒకటుంది, దాన్ని తీసేసి ఇది పెట్టమంటారా అని కంప్యూటర్ అడిగింది. మనవాడు యంత్రానికి కూడా కాదనలేడు. అవునని నొక్కాడు. నొక్కి, తెరిచాడు.

తెరిచి అలాగే ఉండిపోయాడు. లెక్కల పేపర్లు దిద్దుకుంటున్న లిడియా ఏమైందని లేచొచ్చి చూసింది.

ఒకళ్ళు ఒకటి పెంచితే, వాళ్ళ తరవాతివాళ్ళు దానికంటే ఇంకాస్త పెంచారు. చివర చూసిన నతానియేలు అందరినీ ఒకే దెబ్బతో దాటేశాడు. ఆయన కమ్మీ పైకప్పుకి తగులుతోంది. కమ్మీలు అంత లేచేసరికి చార్టు తన కొలబద్దని దానికదే మార్చేసుకుంది. అన్నిటికంటే పొడుగ్గా ఉండాల్సిన మొగలిమూల ఇప్పుడు అడుగున ఓ సన్నటి గీతలా నేలకి అంటుకుపోయింది.

లిడియా నతానియేలు అంకె చదివింది. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చదివింది. "ఏవండీ, బంగాళాఖాతంలో కూడా ఇంత ఉప్పుండదండి. మీ పెదనాన్నగారి బోరులో పీతలు గానీ పడుతున్నాయా?" అంది. అని, నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది.

ఎబినేజరుకి నవ్వు రాలేదు. గ్లాసు పట్టుకుని బోరు ముందు నిలబడ్డ పైడమ్మ కళ్ళముందు కనిపించింది. ఇది ఇలాగే తెర మీద పడితే ప్లాంటు బెతెస్దపేటకి పోతుంది, మొగలిమూల పేరు కూడా ఎవరూ తలవరు. మిగతా ఊళ్ళ పాత అంకెలు ఎక్కడా లేవు. అరచెయ్యి చూసుకున్నాడు. శుభ్రంగా ఉంది.

"ఒక్క మొగలిమూలదే ఎవరూ ముట్టుకోలేదు, మూడువేల చిల్లర. మిగతావి గుర్తులేవు లిడియా. తూర్పులంకది దానికి దగ్గర్లోనే ఉండాలి."

"గుర్తున్నవి వేస్తే అదీ అబద్ధమేనండి. రేపు ఆరాధన అయ్యాక ఇద్దరం వెళ్దాం. మళ్ళీ కొలుద్దాం. కానీ ఒక షరతు. ఎక్కడా టీ తాగకూడదు. తాగుతూ కూచుంటే ఆరు ఊళ్ళూ తిరగలేం. పైగా మీకు కాదనడం అలవాటవ్వాలి. టీతో మొదలెట్టండి."

ఆదివారం మధ్యాహ్నం స్కూటరు మీద ముందు ఎబినేజరు, వెనక మీటరూ గ్లాసూ పట్టుకుని లిడియా. ఈసారి అంకెల్ని ఎబినేజరు అరచేతిలో రాసుకోలేదు. మీటరు గ్లాసులో ఉండగానే లిడియా తన ఫోన్‌తో ఫొటో తీస్తోంది.

మెరకపాలెంలో దొరబాబు కోడలు టీ తెచ్చేసింది. ఎబినేజరు వద్దనడానికి నోరు తెరిచాడు. నోట్లోంచి ఏ మాటా రాలేదు. టీ లోపలికెళ్ళిపోయింది. స్కూటరెక్కాక లిడియా వీపు మీద ఒకటి వేసింది. తరవాతి ఊళ్ళో, "టీ వద్దండి, ఇప్పుడే..." దాకా వచ్చి, సగం గ్లాసుకి రాజీపడ్డాడు. ఆ తరవాతి ఊళ్ళో మొత్తానికి అన్నాడు. "వద్దండి." అని, ఎక్కడ బాధపడతారోనని మూడుసార్లు క్షమించమని అడిగాడు. బెతెస్దపేటలో నతానియేలు ఇంట్లో లేడు, అది దేవుడి కృప. పెద్దమ్మ ఇచ్చిన టీని మాత్రం ఒక్కసారే, గట్టిగా, నవ్వుతూ వద్దన్నాడు. లిడియా వెనకనుంచి చప్పట్లు కొట్టింది. పెద్దమ్మకేం అర్థం కాక ఇద్దరి మొహాలూ చూసింది.

మొగలిమూల చేరేసరికి ఎండ వాలింది. మధ్యలో నాలుగురోజులు వానలు పడ్డాయి. బోరు మీద ఆ ప్రభావం కనపడింది. మూడువేలు దాటిన అంకె రెండువేల ఎనిమిదొందల దగ్గర ఆగింది. తూర్పులంక ఇంకా కొలవలేదు.

పైడమ్మ పొయ్యి మీద గిన్నె పెట్టబోయింది. అప్పటికి మనవాడికి బాగా అలవాటైపోయింది కదా, "టీ వద్దమ్మా" అనేశాడు.

పైడమ్మ చెయ్యి ఆగింది. "ఏం బాబూ, మా ఇంట్లో తాగరా?"

"అది కాదమ్మా..."

అప్పుడు చూశాడు. గుమ్మం పక్కన మూతలు బిగించిన ప్లాస్టిక్ టిన్నులు. సైకిలు హ్యాండిల్‌కి తగిలించడానికి వాటికి తాళ్ళు కట్టున్నాయి. పోయినసారి తను రెండు గ్లాసులు తాగిన టీ ఎక్కడి నీళ్ళతో కాసిందో ఇప్పుడర్థమైంది.

"ఎక్కణ్ణించి తెచ్చుకుంటారమ్మా?" అనడిగింది లిడియా.

"బెతెస్దపేట పంపు నుంచమ్మా. గోదారి నీళ్ళు రోజు విడిచి రోజు వదులుతారు గదా. మావోడు సైకిలేసుకెళ్తాడు." అని, ఎబినేజరు వైపు తిరిగింది. "నీళ్ళు అంత దూరం నుంచి వత్తున్నాయని ఇంటికొచ్చినోళ్ళకి టీ ఇయ్యడం మానేత్తే మరి మా బతుకేం బతుకు బాబూ? కూచోండి."

ఇద్దరూ కూచున్నారు. టీ వచ్చింది. ఎబినేజరు గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. పైడమ్మ కాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"మీటరు ఈసారి తక్కువ చూపించినట్టుంది గదా బాబూ?"

"ఆయ్, వానలు పడ్డాయి కదమ్మా."

"అన్ని ఊళ్ళోళ్ళూ ఆళ్ళ అంకెలు పెంచేసుకున్నారంట. చెరువుల కాడ చెప్పుకుంటన్నారు. మరి మాది కూడా పోయినసారి చూపించినంతైనా ఎయ్యకూడదా? అదేం అబద్ధం కాదు గదా."

లిడియా భర్త మొహం వైపు చూసింది. ఇంతమందికి ఆయ్ అన్న మనిషి ఈవిడకి కాదంటాడా? కాదంటే ఏం న్యాయం? తప్పుడు అంకెలకి పాస్‌వర్డ్ ఇచ్చినవాడు, తన కళ్ళతో చూసిన అంకె వెయ్యడానికి ఎందుకు ఆలోచించాలి? ఆయ్ అనడం ఎంత తేలికో! నోటి చివర్నే ఉంది ఆ మాట.

"వెయ్యనమ్మా," అన్నాడు. "అందరివీ ఇవాళే కొలుస్తున్నాం. మీదీ ఇవాళ్టిదే వేస్తాను. మీదొక్కటీ నేను పెంచేనంటే, రేపెవరైనా లేచి అడిగితే మిగతా ఐదూ కూడా నిలబడవమ్మా. నన్ను తిట్టుకోండి గానీ, పెంచను."

పైడమ్మ తిట్టుకోలేదు. అతని గ్లాసులోకి చూసి, "చల్లారిపోతంది, తాగండి" అంది.

వెలుగు ఉండగానే తూర్పులంక చేరారు. సూర్యప్రకాష్ మాస్టారి పెరట్లో బోరు కొట్టి, గ్లాసు నింపి, మీటరు ముంచారు. అంకె పెరుగుతోంది. రెండువేలు దాటింది, రెండువేల ఐదొందలు దాటింది. ఎబినేజరు కళ్ళు మూసుకున్నాడు. ప్రార్థనకో, ధైర్యం చాలకో అతనికే తెలీదు.

"రెండువేల ఏడొందలు," అంది లిడియా. ఫొటో తీసి, తన భర్త మొహం చూసి, మాస్టారు వింటున్నారని కూడా మరిచిపోయి నవ్వేసింది. "ఏవండీ, కళ్ళు తెరవండి. అక్కడే ఆగింది."

ఇంటికొచ్చాక ఎబినేజరు పని కొత్తగా మొదలుపెట్టాడు. అంకెల్ని ఈసారి స్లైడులో కొట్టలేదు. విడిగా ఒక ఫైలులో పెట్టి, దానికి వేరే పాస్‌వర్డ్ వేశాడు. ఒక నకలు లిడియా ఫోన్‌లో దాచాడు. ఆ అంకెలతో చార్టు గీయించి, ఆ చార్టుని ఉత్త బొమ్మగా మార్చి స్లైడులో అతికించాడు. ఇంక దాన్ని ఎవరెంత నొక్కినా వెనక పట్టికేదీ తెరుచుకోదు. పెళ్ళి ఫొటో మీద నొక్కినా అంతే కదా.

లిడియా అంది, "ఆ పాస్‌వర్డ్ ఏదో నేను పెడతాను, మీకు చెప్పను. రేపు మీ పెదనాన్నగారు అడిగితే తెలీదని నిజమే చెప్పొచ్చు."

ఎబినేజరు కాసేపు ఆలోచించాడు. "వద్దు లిడియా. నాకు తెలియాలి. తెలిసీ చెప్పకుండా ఉండాలి."

పెళ్ళయినప్పట్నుంచీ అతను ఆవిడతో వద్దని అనడం అదే మొదటిసారి. లిడియాకి కోపం రావాలి. రాలేదు. లేచి వెళ్ళి, అప్పడాలు వేయించి తెచ్చి అతని ముందు పెట్టింది.

సోమవారం మండల ఆఫీసు పక్క హాల్లో మీటింగు. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, మెళ్ళో కండువాతో నతానియేలు అందరికంటే ముందొచ్చాడు. లాప్‌టాప్ తెరిచి వైర్లు తగిలిస్తున్న ఎబినేజరు వెనక నిలబడి తెర మీదకి చూశాడు. బెతెస్దపేట కమ్మీ నాలుగో స్థానంలో బుద్ధిగా కూచునుంది.

"ఇదేంట్రా ఇలా కుంగిపోయింది?"

"మళ్ళీ కొలిచేమండి పెదనాన్నగారూ. ఉన్నదే వేసేను."

నతానియేలు వంగి, తన పేట కమ్మీ మీద టకటకా నొక్కాడు. ఏమీ తెరుచుకోలేదు. ఇంకోసారి నొక్కాడు. "ఏం చేసేవురా దీన్ని?"

"బొమ్మ చేసేసేనండి. అంకెలు వేరే చోట ఉన్నాయండి."

"తాళం?"

"నా దగ్గరే ఉందండి."

"చెప్పు."

హాల్లోకి జనం వస్తున్నారు. పైడమ్మ చెప్పులు గుమ్మం బయట విడిచి, వెనక కుర్చీలో అంచున కూచుంది. ఎబినేజరు చేతులు కట్టుకున్నాడు. చిన్నప్పుడు ఈయన భుజాల మీద కూచునే క్రిస్మస్ తార చూడ్డానికి వెళ్ళేవాడు.

"చెప్పనండి."

"నిన్ను చదివించిందెవర్రా?"

"మీరేనండి."

"నీకు వీసా తెప్పించిందెవర్రా?"

"మీరేనండి. మీ రుణం తీర్చుకోలేనండి. పాస్‌వర్డ్ మాత్రం చెప్పనండి."

నతానియేలు మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. ఇంతలో శిరీష వచ్చి అందరినీ కూచోమంది. ఆయన ముందు వరసలో కూచుని, కండువా విప్పి మళ్ళీ వేసుకున్నాడు.

శిరీష తెర మీద చార్టు చూపించింది. అన్నిటికంటే పొడుగు మొగలిమూల, బెత్తెడు కిందుగా తూర్పులంక. పక్కనే మీటరు ఫొటోలు. "ఎవరికైనా అభ్యంతరముందాండీ?" అని అడిగింది. దొరబాబు నేల వైపు చూశాడు. సూర్యప్రకాష్ మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. నతానియేలు లేచాడు.

నతానియేలు తెర వైపు కాదు, వెనక్కి తిరిగాడు. "మొగలిమూల నుంచి ఎవరొచ్చేరు?"

పైడమ్మ లేచి నిలబడింది.

"ఇంత ఉప్పునీళ్ళా అమ్మా మీవి? మరి తాగడానికేం చేస్తున్నారు?"

"మీ పేట పంపు నుంచేనండి తెచ్చుకుంటన్నాం. మీ ఇంటి ముందు పంపే అయ్యగారూ. ముందు మీ పేటోళ్ళు పట్టేసుకున్నాక మేం పట్టుకుంటాం. ఆగిపోతే మళ్ళీ ఎల్లుండొత్తాం."

నతానియేలుకి ఆ సైకిళ్ళు తెలుసు. పొద్దుటే అరుగు మీద కూచుని బైబిలు చదువుకుంటుంటే ఎదురుగా తాళ్ళు కట్టిన టిన్నులు వరసలో ఉంటాయి. దారికి అడ్డమొస్తే పక్కకి జరపమని ఎన్నోసార్లు అన్నాడు కూడా.

"ఇన్నాళ్ళూ ఒక్క మాట చెప్పలేదేమ్మా?"

"మీరడగలేదు గదండీ," అంది పైడమ్మ, ఎంతో మర్యాదగా.

ఆ పెద్దమనిషి శిరీష వైపు తిరిగి, "అభ్యంతరమేం లేదమ్మా. ముందు వాళ్ళకే కట్టండి," అన్నాడు. కూచున్నాడు. కూచున్నాక కండువాతో మొహం తుడుచుకోవడం ఎబినేజరు చూశాడు. చెమటో ఇంకేదో, వెళ్ళి అడగలేదు.

వేసవి ముదిరేలోపు మొగలిమూలలో ప్లాంటు లేచింది. ప్రారంభానికి దొరబాబు కొబ్బరికాయ కొట్టాడు, నతానియేలు ప్రార్థన చేశాడు. ఆ ప్రార్థన పొడుగైంది, కాని ఎవరూ విసుక్కోలేదు. పైడమ్మ తన ఊరి నీళ్ళతో కాసిన టీ పెద్ద గిన్నెతో తెచ్చి అందరికీ తనే పోసింది. టీ విరగలేదు. ఎబినేజరు మొదటి గ్లాసు తాగి కళ్ళు తుడుచుకున్నాడు. పొగ అన్నాడు గానీ, అక్కడ పొయ్యి లేదు.

నతానియేలు కుర్చీ జరుపుకుని పక్కకి చేరాడు. మీటింగు నుంచీ ఆయన ఎబినేజరుతో మామూలుగానే ఉన్నాడు. ఇంకా చెప్పాలంటే ఊళ్ళో నలుగురి దగ్గరా, "మావాడండి, మహా మొండి" అని గొప్పగా చెప్పుకుంటున్నాడట కూడా.

"ఒరేయ్ ఎబ్బీ, అంతా అయిపోయింది కదరా. ఇంక దాంతో పనేముంది? ఇంతకీ ఆ పాస్‌వర్డ్ ఏంటో చెప్పు. ఊరికే తెలుసుకుందామని."

ఎబినేజరు నవ్వాడు. "చెప్పనండి పెదనాన్నగారూ."

నతానియేలు పకపకా నవ్వి వీపు మీద చరిచాడు. అప్పుడే గిన్నె పట్టుకుని పైడమ్మ వచ్చింది. "ఇంకో గ్లాసు పొయ్యమంటారా బాబూ?"

అప్పటికి రెండు గ్లాసులయ్యాయి. లిడియా దూరం నుంచి చూస్తూనే ఉంది. ఎబినేజరు భార్య వైపు చూసి, గ్లాసు ముందుకి చాపాడు.

"ఆయ్," అన్నాడు.